నేర్పడం కూడా డ్యూటీయే

హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో 2024 జనవరి 31న దాదాపు 7,000 మంది స్టాఫ్ నర్సులకు ఒకేరోజు నియామక పత్రాలు అందాయి. నలభై మంది రోగులున్న వార్డును రాత్రంతా ఒక్క సిస్టరే చూసుకునే పరిస్థితి తెలిసినవారికి, అన్నేసి పోస్టులు ఒక్కసారిగా నిండటం ఎంత ఊరటో చెప్పనక్కర్లేదు. అయితే ఆ పత్రం పట్టుకుని ఒక ప్రసూతి వార్డులోనో, నవజాత శిశువుల యూనిట్‌లోనో రిపోర్ట్ చేసిన నర్సుకు అక్కడి పని నేర్పేదెవరు, ఏ వేళలో నేర్పుతారు, నేర్పే ఆ మనిషికి నేర్పడం ఎవరు నేర్పారు? నియామకాల లెక్కలో ఈ ప్రశ్నకు చోటుండదు. మన దగ్గర జవాబు ఎప్పటినుంచో ఒకటే: సీనియర్ సిస్టర్ ఉంది కదా, వెంట తిరిగి చూసి నేర్చుకుంటారు. ఈ ధీమా మీదే మన ఆసుపత్రులు దశాబ్దాలుగా నడుస్తున్నాయి. ఇది సరిపోదని, తోటివారికి నేర్పడమనేది విడిగా శిక్షణ ఇచ్చి, డ్యూటీ చార్ట్‌లో గంటలు రాసి, జీతంలో లెక్కగట్టాల్సిన పని అని ఒప్పుకోనంతకాలం, పోస్టులు ఎన్ని నింపినా వాటి ఫలితం సగమే రోగికి చేరుతుంది.

నర్సింగ్ విద్యలో మనకు రెండు వేర్వేరు సంసారాలున్నాయి. కాలేజీలో పాఠం చెప్పే ట్యూటర్ చేయి రోగి మీద పడటం అరుదు. రోజంతా రోగి పక్కనే ఉండే స్టాఫ్ నర్సుకు నేర్పడానికంటూ గంటలు కేటాయించరు. భారత నర్సింగ్ కౌన్సిల్ పది మంది విద్యార్థులకు ఒక అధ్యాపకురాలు ఉండాలంటుంది, కాలేజీల తనిఖీలో ఆ లెక్క చూస్తారు కూడా. వార్డులో విద్యార్థినికి ఇంజెక్షన్ చేయడం చూపించిన సిస్టర్ మాత్రం ఏ లెక్కలోకీ రాదు. ఈ గోడ అనివార్యమేమీ కాదు. వెల్లూరు సీఎంసీలో నర్సింగ్ కాలేజీనీ, ఆసుపత్రి నర్సింగ్ సేవలనూ ఎప్పటినుంచో కలిపే నడుపుతున్నారు. అక్కడ పాఠం చెప్పేవారికి వార్డు బాధ్యత ఉంటుంది, వార్డు చూసేవారికి పాఠం చెప్పే బాధ్యత ఉంటుంది. ప్రైవేటు కాలేజీలు వీధికొకటి పుట్టుకొచ్చిన మన జిల్లాల్లో ఆ పద్ధతి పాకలేదు. సొంత ఆసుపత్రి లేని కాలేజీ విద్యార్థులు బస్సులో జిల్లా ఆసుపత్రికి వచ్చి, వార్డులో గుంపుగా నిలబడి, అటెండెన్స్ వేయించుకుని వెళ్లే దృశ్యం అందరికీ తెలిసిందే. ఆ బ్యాచ్ నుంచి వచ్చినవారే నాలుగేళ్ల తర్వాత అదే వార్డులో ఉద్యోగంలో చేరతారు. అంటే కాలేజీలో జరగాల్సి ఉండి జరగని బోధన మొత్తం ఉద్యోగంలో చేరాక, సీనియర్ నెత్తిన పడుతుంది.

సీనియర్ నేర్పుతుందిలే అన్న నమ్మకంలో ఒక పొరపాటుంది. పని బాగా వచ్చినంత మాత్రాన నేర్పడం రాదు. అమెరికన్ నర్సింగ్ విద్వాంసురాలు ప్యాట్రీషియా బెన్నర్ 1984లోనే, కొత్తగా చేరిన నర్సు నిపుణురాలిగా ఎదిగే క్రమాన్ని ఐదు మెట్లుగా వివరించారు. ఆమె చూపిన విచిత్రం ఏమిటంటే, పై మెట్టుకు చేరినకొద్దీ నర్సు నియమాలను గుర్తుచేసుకుని పని చేయడం మానేస్తుంది. పరిస్థితిని చూడగానే ఏం చేయాలో తోచేస్తుంది. ఎందుకు తోచిందో అడిగితే చెప్పలేదు. పుట్టగానే ఏడవని బిడ్డను ఊహించండి. ఊపిరి అందించడానికి ఉన్న సమయం ఒక్క నిమిషం. అనుభవమున్న సిస్టర్ బిడ్డను తుడిచి, తల కొద్దిగా వెనక్కి వంచి, మాస్క్ పెట్టి, బ్యాగ్ నొక్కేస్తుంది. పక్కనున్న కొత్త నర్సుకు కనిపించేది బ్యాగ్ నొక్కడం ఒక్కటే. తల మరీ ఎక్కువ వంచితే గాలి దారి మూసుకుపోతుందని, మాస్క్ అంచు దగ్గర గాలి లీకవుతుంటే ఎంత నొక్కినా లాభం లేదని, చూపు బ్యాగ్ మీద కాదు బిడ్డ ఛాతీ మీద ఉండాలని, ఛాతీ లేవకపోతే ముందు ఏది సరిచేసుకోవాలో ఆమెకు కనపడదు. సీనియర్ చేతులకు ఇదంతా తెలుసు, నోటికి రాదు. ఆ తెలిసినదాన్ని ముక్కలుగా విడదీసి, ఒక్కొక్కటీ చేయించి, ఆగి, ‘ఛాతీ లేస్తోందా చూడు, లేవకపోతే ఏం చేస్తావు?’ అని అడగడం వేరే విద్య. అది వైద్యమూ కాదు, అచ్చంగా నర్సింగూ కాదు. దాన్నీ ఎవరో ఒకరు నేర్పాలి.

శిక్షణలకు మన ఆరోగ్యశాఖలో కొరత లేదని అంటారు. నిజమే. జిల్లా కేంద్రంలో శిక్షకులకు మూడు రోజుల శిక్షణ (టీవోటీ), ప్రొజెక్టర్, ఫైలు, భోజనం, సర్టిఫికెట్, టీఏ డీఏ. ఆపైన ఆ మాస్టర్ ట్రైనర్ మండలంలో ఇంకో హాల్లో అవే స్లైడ్లు చూపిస్తారు. పై మెట్టు నుంచి కింది మెట్టుకు దిగేసరికి ఇందులో మిగిలేది హాజరుపట్టీ. తక్కువ, మధ్యస్థాయి ఆదాయ దేశాల్లో ఆరోగ్య సిబ్బంది పనితీరును మెరుగుపరిచేందుకు చేసిన ప్రయత్నాలపై వందలాది అధ్యయనాలను జల్లెడ పట్టిన సమీక్ష ఒకటి 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చింది. అచ్చువేసిన మార్గదర్శకాలు పంచిపెడితే పనితీరులో కలిగిన మెరుగుదల 1.4 పాయింట్లు. అంటే దాదాపు సున్నా. శిక్షణ ఒక్కటే లేదా పర్యవేక్షణ ఒక్కటే అయితే సుమారు 10 నుంచి 16 పాయింట్లు. రెండూ కలిస్తే 18 పైన. సిబ్బందే కూర్చుని తమ సమస్యను తామే విప్పుకునే పద్ధతికి వీటన్నిటికన్నా ఎక్కువ ఫలితం కనిపించింది. మనం అత్యధికంగా ఖర్చుపెట్టేది మొదటి రెండింటి మీద. పోస్టర్ గోడకెక్కుతుంది, శిక్షణ రిజిస్టర్‌కెక్కుతుంది.

శిక్షణ వార్డులోకే నడిచి వస్తే ఏమవుతుందో చూసిన రాష్ట్రాలు మన పొరుగునా, దేశంలో మరోచోటా ఉన్నాయి. ఉత్తర కర్ణాటకలో, బళ్లారి, గుల్బర్గా లాంటి జిల్లాల్లో, ఇరవై నాలుగు గంటలూ కాన్పులు జరిగే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు నర్సు మెంటర్లను పంపారు. వాళ్లు తనిఖీకి రాలేదు. అక్కడి స్టాఫ్ నర్సు పక్కన నిలబడి కేసు షీట్ నింపడం దగ్గర్నుంచి మందుల అల్మరాలో ఏది ఉంది, ఏది లేదన్న లెక్క దాకా కలిసి చేశారు. మెంటర్లు వెళ్లిన కేంద్రాల్లో సామగ్రి సిద్ధంగా ఉండటం, సిబ్బంది తయారీ మిగతా కేంద్రాలకన్నా మెరుగైనట్టు అధ్యయనాలు చూపాయి. బీహార్‌లో ‘అమానత్’ పేరుతో జరిగిన కార్యక్రమం ఇంకో అడుగు ముందుకేసింది. మెంటర్ నర్సులు జంటగా ఒక్కో ఆరోగ్య కేంద్రానికి నెలకో వారం చొప్పున వెళ్లి అక్కడే ఉండేవారు. వాళ్లు వాడిన సాధనం ఖరీదైన యంత్రం కాదు. ప్రత్యేకంగా కుట్టిన ప్యాంటులో బిడ్డ బొమ్మ అమర్చి, తోటి నర్సే తల్లిగా నటిస్తే, ఉత్తుత్తి రక్తస్రావం మధ్య మిగతావారు కాన్పు చేయాలి. దాన్ని వీడియో తీసి, తర్వాత అందరూ కూర్చుని చూస్తారు. ఎవరు ఎవరిని పిలిచారు, ఏ మందు అడిగారు, అడిగింది వినపడిందా లేదా అన్నది తెర మీద తెలిసిపోతుంది. ఈ ముచ్చటలో మెంటర్ నైపుణ్యమంతా తర్వాతి చర్చను నడపడంలో ఉంది. తప్పు చేసిన మనిషిని నలుగురిలో కించపరచకుండా తప్పును మాత్రం బల్ల మీద పెట్టడం అంత తేలిక కాదు.

ఇక్కడే ఒక గట్టి అభ్యంతరానికి జవాబు చెప్పుకోవాలి. ఉత్తరప్రదేశ్‌లో 24 జిల్లాల్లో, 120 ఆరోగ్య కేంద్రాల్లో, లక్షన్నరకు పైగా కాన్పుల మీద అమెరికన్ సర్జన్ అతుల్ గవాండే బృందం జరిపిన బెటర్‌బర్త్ పరిశోధన ఫలితాలు 2017లో వచ్చాయి. సురక్షిత ప్రసవానికి ఒక చెక్‌లిస్ట్, దాన్ని వాడటం అలవాటు చేయడానికి ఎనిమిది నెలల పాటు వచ్చిపోయే కోచ్‌లు, ఇదీ పద్ధతి. రెండో నెలకల్లా సిబ్బంది సరైన పద్ధతులు పాటించడం 72.8 శాతానికి చేరింది. కోచ్‌లు లేని కేంద్రాల్లో అది 41.7 శాతమే. కానీ తల్లీబిడ్డల మరణాలు, తల్లికి వచ్చే తీవ్ర సమస్యలు కలిపి చూస్తే రెండు వైపులా తేడా లేదు: 15.1 శాతం, 15.3 శాతం. నేర్పడం వల్ల ప్రాణాలు దక్కవని ఇందులోంచి తీర్పు తీసేవారున్నారు. ఆ తీర్పు తొందరపాటు. అదే పరిశోధనలోని ఇంకో అంకె చూడాలి. కోచ్‌లు వెళ్లిపోయిన నాలుగు నెలలకు, అంటే పన్నెండో నెలలో, 72.8 కాస్తా 61.7కు జారింది. బయటినుంచి వచ్చిన మనిషి ఉన్నంతసేపు నిలిచింది, పోయాక సడలింది. పైగా చెక్‌లిస్ట్‌లో టిక్కు పెట్టినంత మాత్రాన బిడ్డకు ఊపిరి పోసే చేయి తయారు కాదు, రక్తం అందుబాటులోకి రాదు, పెద్దాసుపత్రికి అంబులెన్స్ కదలదు. కాబట్టి నాకు అర్థమైనంతలో ఈ పరిశోధన మెంటరింగ్‌ను కొట్టేయలేదు. దాని హద్దులు చూపించింది: నేర్పే మనిషి ఆ వార్డు మనిషే కావాలి, నేర్పేది పద్ధతి పాటించడం ఒక్కటే కాకుండా ప్రమాదాన్ని గుర్తించి చేయి కదపడం కావాలి, చేతికి కావాల్సినవి పక్కనే ఉండాలి.

ఈ మూడూ దాదాపుగా కుదిరినచోట ఏం జరిగిందో ఆఫ్రికాలో తేలింది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో 80 ఆసుపత్రుల్లో, 2 లక్షలకు పైగా కాన్పుల మీద చేసిన ఈ-మోటివ్ పరిశోధన 2023లో వెలువడింది. కాన్పు తర్వాత పోయే రక్తాన్ని కంటితో అంచనా కట్టడం మానేసి, గీతలున్న ప్లాస్టిక్ సంచిలో కొలిచారు. ఫలానా గీత దాటగానే గర్భాశయం మర్దన, ఆక్సిటోసిన్, ట్రానెక్సామిక్ ఆమ్లం, సెలైన్, పరీక్ష ఒకదాని వెంట ఒకటి ఆగకుండా మొదలవుతాయి. ప్రతి ఆసుపత్రిలో అక్కడి మిడ్‌వైఫ్‌నో, డాక్టర్‌నో ఎంచుకుని దీనికి సారథులను చేశారు. శిక్షణ వార్డులోనే, సామగ్రి పెట్టె వార్డులోనే, నెల నెలా ఫలితాల లెక్క వార్డు గోడ మీదే. రక్తస్రావాన్ని పసిగట్టడం పాత పద్ధతి ఆసుపత్రుల్లో 51 శాతం ఉంటే, ఈ పద్ధతి పెట్టినచోట 93 శాతం. ప్రాణం మీదికి తెచ్చే స్థాయి రక్తస్రావం, కడుపు కోయాల్సి రావడం, రక్తస్రావంతో మరణం ఈ మూడూ కలిపి పాత పద్ధతి ఆసుపత్రుల్లో 4.3 శాతం ఉంటే, ఇక్కడ 1.6 శాతం. సంచి ఒక్కటే ఇది సాధించిందని ఎవరూ అనరు, సారథి ఒక్కరే సాధించారనీ అనరు. రెండింటినీ విడదీయకపోవడమే అందులోని తెలివి.

‘అసలే మనుషులు చాలని చోట నేర్పడానికి తీరిక ఎక్కడిది?’ అన్నది నర్సింగ్ సూపరింటెండెంట్ల నుంచి వినిపించే మాట. దీన్ని తేలిగ్గా తీసిపారేయలేం. బోధనాసుపత్రుల్లో ముగ్గురు రోగులకు ఒక నర్సు, సాధారణ ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు ఉండాలన్న కౌన్సిల్ ప్రమాణానికీ, మన వార్డులకూ మధ్య దూరం ఎంతో వార్డులో ఒక రాత్రి గడిపిన రోగి బంధువుకైనా తెలుసు. కానీ తీరిక లేదన్నంత మాత్రాన నేర్పడం ఆగిపోవడం లేదు. అది అరకొరగా, చిరాకుగా, మందులిస్తూ మధ్యలో సాగుతూనే ఉంది. కొత్త నర్సు చేసిన ఇన్సులిన్ డోసు పొరపాటు సరిదిద్దడానికీ, రాని ఐవీ లైన్ కోసం మూడుసార్లు పొడిచిన బిడ్డను ఓదార్చడానికీ, హ్యాండోవర్‌లో చెప్పడం మరిచిన విషయం కోసం ఇంటికి ఫోన్ చేయడానికీ పోయే సమయం ఎవరి ఖాతాలోనూ రాయడం లేదు కాబట్టి, అది ఖర్చు కానట్టు కనిపిస్తోంది. కొరత ఉన్నప్పుడు నేర్పడం విలాసమనుకోవడం తలకిందుల లెక్క. ఇద్దరు చేయాల్సిన పని ఒకరే చేస్తున్నప్పుడు ఆ ఒకరికి పని నిఖార్సుగా వచ్చి ఉండటం ఇంకా ఎక్కువ అవసరం. మెంటర్‌గా ఎంచుకున్న నర్సుకు వారంలో ఒక షిఫ్ట్ రోగుల బాధ్యత లేకుండా వదలాలి. ఆ షిఫ్ట్‌కు మరో మనిషిని ఇవ్వాలి. ఇవ్వకుండా మెంటర్ అని బ్యాడ్జీ తగిలిస్తే అది ఇంకో వెట్టి.

నేర్పేవారే మార్కులు వేసేవారు కావచ్చా అన్న చిక్కు మనకు ఇంకా అనుభవంలోకి రాలేదు గానీ బ్రిటన్ దాంతో పదిహేనేళ్లు కుస్తీ పట్టింది. అప్పట్లో అక్కడ వార్డులో నర్సు విద్యార్థికి నేర్పే మెంటరే, ఉత్తీర్ణత తేల్చేవారు కూడా. నర్సింగ్ పరిశోధకురాలు క్యాథ్లీన్ డఫీ 2003లో చేసిన అధ్యయనం, విద్యార్థికి పని రాదని తెలిసీ మెంటర్లు ఫెయిల్ చేయలేకపోతున్నారని బయటపెట్టింది. రోజూ పక్కన నిలబడి నేర్పిన మనిషిని తప్పించడానికి మనసొప్పదు. తప్పిస్తే తాను సరిగా నేర్పలేదని ఒప్పుకున్నట్టవుతుందన్న జంకు వేరే. చివరికి 2018లో అక్కడి నర్సింగ్ నియంత్రణ సంస్థ రెండు పాత్రలను విడదీసింది. వార్డులో నేర్పేవారు వేరు, అంచనా వేసేవారు వేరు, ఒకే విద్యార్థికి ఇద్దరూ ఒకరే కాకూడదు. మన ఆసుపత్రుల్లో సమస్య దీనికి అటు దిక్కున ఉంది. మనవారు జాలితో పాస్ చేయడం కన్నా భయంతో దాచడం ఎక్కువ. వార్డు ఇన్‌చార్జి సిస్టరే నేర్పాలి, సెలవు మంజూరుకు సిఫారసు చేయాలి, మెమోకు కారణమయ్యేదీ ఆమే. అలాంటి మనిషి ముందు ‘నాకు ఈ మందు డైల్యూషన్ రాదు మేడమ్’ అని ఏ కొత్త నర్సు నోరు విప్పుతుంది? రాదని చెప్పుకోలేని చోట నేర్పడం మొదలే కాదు. అందుకే మెంటర్‌కు క్రమశిక్షణ అధికారం ఇవ్వకూడదు. హోదా తగ్గినట్టు అనిపించినా సరే.

‘నర్సులకు నేర్పడానికి డాక్టర్లున్నారు కదా’ అన్న మాటను ఎక్కువసేపు పట్టించుకోనక్కర్లేదు. డాక్టరు రౌండ్‌కు వచ్చి వెళ్తారు, మిగతా ఇరవైమూడు గంటలు ఉండేది నర్సులే. దీన్ని గుర్తించిన ప్రయత్నం తెలంగాణలోనే ఉండటం మంచి సంగతి. ప్రజారోగ్య వ్యవస్థలో మిడ్‌వైఫరీ శిక్షణ 2017లో కరీంనగర్‌లో, హైదరాబాద్ ఫెర్నాండెజ్ సంస్థ, యునిసెఫ్ తోడ్పాటుతో మొదలైంది. 2018 చివర్లో కేంద్రం మిడ్‌వైఫరీ సేవలకు జాతీయ మార్గదర్శకాలు విడుదల చేసి, నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ కోర్సుతో పాటు, వారికి నేర్పే ఎడ్యుకేటర్లకు విడిగా ఆరు నెలల శిక్షణ పెట్టింది. నేర్పేవారిని ముందు తయారుచేయాలన్న ఆలోచన మన నర్సింగ్‌లో ఇంత స్పష్టంగా విధానమై రావడం అరుదు. అవసరమూ అలాంటిదే. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లు, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. దేశ సగటు 21.5. ఈ అంకెల వెనక ప్రైవేటు ఆసుపత్రుల వ్యాపారం నుంచి ముహూర్తాల దాకా చాలా ఉన్నాయి. వాటన్నిటినీ మిడ్‌వైఫ్ మార్చలేదు. కానీ నొప్పులు పడుతున్న తల్లి పక్కన ఓపిగ్గా ఉండి, ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు డాక్టర్‌ను పిలవాలో తెలిసిన మనిషి లేకుండా సహజ కాన్పులు పెంచండని ఉత్తర్వులిస్తే లాభం లేదు. అలా తయారైన మనిషిని లేబర్ రూమ్‌లోనే ఉంచి, తర్వాతి ఇద్దరిని తయారుచేయనిస్తేనే పెట్టిన 18 నెలలూ గిట్టుబాటవుతాయి. ఆమెను రొటేషన్ పేరుతో ఓపీకో, ఆపరేషన్ థియేటర్‌కో మారిస్తే ఆ శిక్షణ నీళ్లపాలు.

నేర్పినవాళ్లు జర్మనీకో గల్ఫ్‌కో పోతారన్నది ఇంకో వాదన. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామే నర్సులకు జర్మన్ భాష నేర్పించి పంపుతున్న రోజుల్లో ఈ బెంగ ఉత్తదేం కాదు. వెళ్లేవారిలో కొన్నేళ్ల అనుభవం వచ్చి, ఇంకొకరికి నేర్పగల దశకు చేరినవాళ్లూ ఉంటారు. అయితే వాళ్లను ఆపే మార్గం నేర్పడం మానేయడం కాదు. ఇక్కడ ఉండిపోయిన నర్సుకు ఎదగడానికి ఉన్న దారి ఏమిటో చూడండి. స్టాఫ్ నర్సు, హెడ్ నర్సు, గ్రేడ్-2 సూపరింటెండెంట్, గ్రేడ్-1 సూపరింటెండెంట్. ఒక్కో మెట్టు ఎక్కినకొద్దీ మంచానికి దూరమై, ఇండెంట్లకూ, దుప్పట్ల లెక్కలకూ, డ్యూటీ చార్ట్‌లకూ దగ్గరవుతుంది. ఇరవయ్యేళ్లు ఐసీయూలో చేయి తిరిగిన మనిషికి వ్యవస్థ ఇచ్చే బహుమతి, ఐసీయూ నుంచి బయటికి పంపడం. మంచం పక్కనే ఉంటూ, నేర్పుతూ, జీతంలోనూ హోదాలోనూ పైకి వెళ్లే ఇంకో నిచ్చెన కావాలి. దానివల్ల వలస ఆగిపోతుందని చెప్పను, జీతాల్లో తేడా అంతుంది. ఉండాలనుకునేవారికి ఒక కారణం మాత్రం దొరుకుతుంది.

నేర్పడం నేర్పే కోర్సు అంటే మళ్లీ హాలు, స్లైడ్లు అనుకుంటే మొదటికొస్తాం. అందులో ఉండాల్సింది కొద్దే. ఎదుటి మనిషి పని చేస్తుంటే చేయి కలపకుండా గమనించడం, జవాబు చెప్పేయకుండా ప్రశ్న అడగడం, తప్పు జరిగాక పది నిమిషాల్లో దాని గురించి మాట్లాడటం, ఈ మూడూ బొమ్మల మీదా వార్డులోనూ పదేపదే చేసి చూపాలి. నేర్చుకునేవారిని కాదు, నేర్పుతున్నవారిని గమనించి సరిదిద్దే మనిషి ఉండాలి. ఎంపిక సర్వీస్ సీనియారిటీ జాబితా చూసి చేయకూడదు. ఇది సంఘాలకు నచ్చదని తెలుసు. అన్ని వార్డుల్లో ఒక్కసారిగా మొదలుపెట్టడం కన్నా బోధనాసుపత్రుల లేబర్ రూమ్‌లు, నవజాత శిశువుల యూనిట్లతో ఆరంభించడం నయం, ఎందుకంటే నిమిషాల్లో ప్రాణం పోయేదీ నిలిచేదీ అక్కడే. మెడికల్ కాలేజీల పక్కనే 157 కొత్త నర్సింగ్ కాలేజీలు పెడతామని 2023-24 కేంద్ర బడ్జెట్ చెప్పింది. వాటి విద్యార్థులు వచ్చి నిలబడేది ఈ వార్డుల్లోనే, వాళ్లకు మొదట కనిపించేది ఈ సిస్టర్లే. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. వార్డులో నేర్పే నర్సుకు గుర్తింపు, అర్హత, గంటలు ఆ చట్టం కింద వచ్చే నిబంధనల్లో చేర్చవచ్చు. రాష్ట్రాలు దానికోసం ఎదురుచూడాల్సిన పనీ లేదు. సాధారణ బదిలీల నుంచి శిక్షణ పొందిన మెంటర్లను మూడేళ్లు మినహాయిస్తూ, డ్యూటీ చార్ట్‌లో ‘బోధన’ అన్న గడిని చేరుస్తూ ఇచ్చే ఉత్తర్వుకు ఆర్థిక శాఖ అనుమతి అడగాల్సింది ఒక్క అంశానికే, వారంలో ఒక షిఫ్ట్ మెంటర్ బదులు నిలబడే మనిషి జీతానికి.